మార్చి నెల బకెట్

"ఇరవై ఎనిమిది," అన్నాడు కామెన్. "నువ్వు వందసార్లు అడిగినా ఇరవై ఎనిమిదే."

బల్ల మీద ఆనించిన అరచేతిని అతను ఎత్తలేదు. దాని కింద నూనె మరకలు పట్టిన నోటుపుస్తకం ఉంది.

ఎదురుగా తమ్ముడు ల్యూబెన్ కూర్చున్నాడు. గడ్డం కింద నాలుగు కుట్లు, ఎడమ మణికట్టుకి కట్టు. నిన్న మధ్యాహ్నం మోటార్‌సైకిల్ పందెం సాధనలో మూడో దిబ్బ దాటి బండి నేలని తాకీ తాకగానే, చేతుల్లోని హ్యాండిల్ ముందుకు తిరిగిపోయింది. బండి ఒకవైపు, మనిషి ఒకవైపు పడ్డారు. హ్యాండిల్‌ని పట్టి ఉంచే బోల్టులు నాలుగు. వాటిలో రెండు ఊడివచ్చాయి.

నాలుగూ బిగించింది కామెనే.

"బండితో వచ్చిన పుస్తకంలో బిగించాల్సిన బలం ఇరవై అని ఉంది బావగారూ," అంది ల్యూబెన్ భార్య వెసెలా. గొంతు పెంచలేదు. "మీరు ఎనిమిది ఎక్కువ బిగించారు. కింద ఉన్నది అల్యూమినియం. అంత బలం తట్టుకోదు. ఇదిగో, చూడండి."

ఆమె బల్ల మీదికి ఒక బోల్టుని దొర్లించింది. దాని మరలకి సన్నటి తెల్లని తీగ చుట్టుకుని ఉంది. బోల్టు ఊడుతూ ఊడుతూ తను కూర్చున్న చోటి మరల్ని కూడా లాక్కొచ్చేసింది.

"నాకు చూపించక్కర్లేదు. నువ్వు పుట్టకముందు నుంచీ బోల్టులు చూస్తున్నాను."

"మీకూ నాకూ నాలుగేళ్లే తేడా."

ల్యూబెన్ నవ్వబోయి గడ్డం పట్టుకున్నాడు. "నవ్వించకండి మీరిద్దరూ. కుట్లు లాగుతున్నాయి."

వెసెలా వెంటనే లేచి అతని గడ్డం కింద వేలు పెట్టి, మొహం వెలుతురు వైపు తిప్పి చూసింది. రక్తం లేదని నిర్ధారించుకున్నాకే మళ్లీ కూర్చుంది. కామెన్ కిటికీలోంచి బయటికి చూశాడు. గేటుకి అంటించిన కొత్త కాగితంలో నాన్న ఫొటో కనిపించింది. 'కన్నుమూసి ఆరు నెలలు' అని పెద్ద అక్షరాలు.

పొయ్యి దగ్గర నిలబడిన తల్లి దోంకా వెనక్కి తిరగలేదు. రేపు భర్త మింకో సమాధి దగ్గర పంచడానికి గోధుమలు ఉడుకుతున్నాయి. ఎల్లుండి ఆదివారం పందెం. తండ్రి లేకుండా ల్యూబెన్ దిగుతున్న మొదటి పందెం.

"ఆయన గోధుమల మీద పోట్లాడకండి," అంది దోంకా. "అవి పులుస్తాయి."

"పోట్లాట కాదమ్మా. లెక్క." కామెన్ తమ్ముడి వైపు తిరిగాడు. "నువ్వే చెప్పు ల్యూబో. ఈ బండికి నాన్న రెండేళ్లు పనిచేశాడా లేదా?"

"చేశాడు."

"రెండేళ్లూ హ్యాండిల్‌కి ఇరవై ఎనిమిదే. ఆయన చేత్తో రాసుకున్నాడు. ఒక్కసారైనా ఊడిందా?"

"లేదు."

"మరి ఇప్పుడు నాన్న రాసింది తప్పయిపోయిందా? బండి అమ్మినవాళ్లకి నాన్నకంటే ఎక్కువ తెలుసా?"

ఆ మాటకి వెసెలా దగ్గర జవాబు ఉంటుందని అందరూ ఎదురుచూశారు. ఆమె బల్లగుడ్డ అంచున ఊడిన దారాన్ని వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది.

"బోల్టులు పాతబడి ఉంటాయి," అంది చివరికి.

ఎప్పుడూ వెనక్కి తగ్గని మనిషి తగ్గింది. కామెన్‌కి అది గెలుపులా అనిపించాలి. అనిపించలేదు.

ల్యూబెన్ గొంతు సవరించుకున్నాడు. "అన్నయ్యా, కోప్పడకు. ఆదివారానికి బండి వెసెలా చూసుకుంటుంది. ఈ ఒక్కసారికే."

దోంకా గరిటెని గిన్నె అంచుకి తట్టింది.

"సరే," అన్నాడు కామెన్. "నీ బండి. నీ భార్య."

"అలా అనకు."

"మరెలా అనాలి? ఆసుపత్రిలో నాన్న కూడా ఆమెనే ఎంచుకున్నాడుగా."

ఆ రోజుని ఎవరూ మరిచిపోలేదు. మంచం మీంచి మింకో రెండు వస్తువులు తెప్పించుకున్నాడు. నోటుపుస్తకం పెద్దకొడుకు చేతిలో పెట్టాడు. ముప్ఫై ఏళ్లుగా తన చేతిని వదలని టార్క్ రెంచిని వెసెలాకి ఇచ్చాడు. ఏ బోల్టుని ఎంత బలంతో బిగించాలో అంకె పెడితే, ఆ బలం రాగానే టక్కుమని చెప్పే రెంచి అది. పిడి మీద ఆయన బొటనవేలు ఆనే చోట నలుపు అరిగి ఇనుము తెల్లగా బయటపడింది.

కామెన్‌కి ఆరు నెలలుగా ఒకటే బాధ. కాగితం తనకి వచ్చింది. నాన్న చెయ్యి ఆమెకి వెళ్లింది. పదిహేడేళ్లకి మరమ్మతు షెడ్డులో నేల ఊడవడానికి వచ్చిన పిల్ల, నాన్న పక్కన స్టూలు వేసుకుని కూర్చున్న పిల్ల, ఆ తర్వాత ఈ ఇంటి కోడలైంది. తను ఆ స్టూలు మీద ఎప్పుడూ కూర్చోలేదు. కొడుకుకి స్టూలెందుకని ఎవరూ వేయలేదు.

అంత్యక్రియలైన వారం నుంచీ వెసెలా మూడుసార్లు నోటుపుస్తకం అడిగింది. చివరిసారి, "ఫొటోలు తీసుకుని ఇచ్చేస్తాను," అంది. అతను ఇవ్వలేదు. మర్నాడే వెళ్లి కొత్త టార్క్ రెంచి కొనుక్కున్నాడు.

"నేను కాసేపు పడుకుంటాను," అంటూ ల్యూబెన్ లేచాడు. "మీరు తేల్చుకోండి. ఆదివారం పొద్దున్న నాకు ఊడని హ్యాండిల్ కావాలి, అంతే."

అతను లోపలికి వెళ్లాక కామెన్ పుస్తకం తెరిచి తల్లి ముందుకు నెట్టాడు.

"నువ్వైనా చూడమ్మా. నాన్న ఎంత ఆలోచించి రాశాడో చూడు. ఇరవై ఒకటి రాసి కొట్టేశాడు. ఇరవై మూడు. కొట్టేశాడు. ఇరవై ఐదు, ఇరవై ఆరు. చివరికి ఇరవై ఎనిమిది. పదిహేనేళ్ల అనుభవం ఇది. ఊరికే పెంచుకుంటూ పోలేదు."

దోంకా గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుంది. భర్త బతికుండగా ఆ పుస్తకం ఆమె ఎప్పుడూ తెరవలేదు.

"ఇదేంటి?"

"ఏది?"

"ప్రతి అంకె పక్కనా ఈ బొమ్మ."

"అది నూనె డబ్బా. మరలకి నూనె రాసి బిగించమని గుర్తు. నేనూ అలాగే రాసి బిగించాను."

వెసెలా తలెత్తింది. "నూనె రాశారా?"

"నాన్న బొమ్మ వేశాడుగా."

"నూనె రాస్తే అదే అంకెకి బోల్టు ఇంకా లోపలికి లాగుతుంది బావగారూ. ఇరవై ఎనిమిది చాలదన్నట్టు..."

"నూనె డబ్బాకి ఇలా పైన వంకీ ఉంటుందా?" అంది దోంకా, వాళ్ల మాటలు పట్టించుకోకుండా. వేలితో బొమ్మని తాకింది. "పక్కన సొట్ట కూడా వేశాడు మహానుభావుడు. ఇది నా పాల బకెట్."

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"ప్రతి మార్చిలో ఎత్తుకుపోయేవాడు. పందాలు మొదలవకముందు. దాంతోపాటు నా వంటింటి తూకం కూడా. ఎందుకయ్యా అంటే, 'ముసలిదాన్ని తూచాలి' అనేవాడు. నన్నే అంటున్నాడని రెండు రోజులు మాట్లాడేదాన్ని కాదు." ఆమె కళ్లజోడు తీసేసింది. "ఈ మార్చిలో బకెట్ ఎవరూ అడగలేదు."

షెడ్డు వంటింటికి పదడుగుల దూరం. మధ్యలో ద్రాక్ష పందిరి, ఇంకా చిగురు సరిగ్గా రాలేదు. హ్యాండిల్ లేని బండి స్టాండు మీద నిలబడి ఉంది. 'ముసలిది' అంటే రెంచే అయి ఉంటుందని, తూచి చూడడానికి కామెన్ ముందు నడిచాడు.

తన కొత్త రెంచి తలని బెంచికి అమర్చిన వైసు దవడల మధ్య బిగించాడు. పిడి నేలకి సమానంగా గాల్లో నిలిచింది. దోంకా బకెట్‌లో నీళ్లు పోసి, తూకం మీద పెట్టి, గ్లాసుతో కొంచెం తీసి, కొంచెం పోసి సరిగ్గా ఐదు కిలోలకి తెచ్చింది. పిండి తూచే చెయ్యి కనుక తొందరగానే తేల్చింది.

వెసెలా టేపు పట్టుకుని రెంచి తల నుంచి నలభై సెంటీమీటర్లు కొలిచి, పిడి మీద సుద్దతో గీత పెట్టింది. "ఇక్కడ ఐదు కిలోలు వేలాడితే ఇరవైకి దగ్గరగా పడుతుంది."

"ఇరవైకి పెట్టాను. వదులు."

ఆమె బకెట్‌ని గీత దగ్గర తగిలించి మెల్లగా చేతులు దించింది. బరువంతా రెంచి మీద పడ్డ క్షణంలో టక్కుమంది.

"ఇరవై రెండుకి పెట్టండి."

పెట్టాడు. బకెట్ వేలాడుతూ ఉండిపోయింది. చప్పుడు లేదు.

"నా రెంచి అబద్ధం చెప్పదు," అన్నాడు కామెన్. గొంతులో కొంచెం గర్వం. "ఇప్పుడు నీది."

ఆమె వెళ్లి పనిబల్ల సొరుగులోంచి మెత్తటి గుడ్డలో చుట్టిన రెంచిని తెచ్చింది. గుడ్డ విప్పుతుంటే కామెన్ ఆ తెల్లటి బొటనవేలి మచ్చ కోసం చూశాడు. అది అలాగే ఉంది. దాని పక్కన, కొంచెం కింద, ఇంకో చిన్న మచ్చ మొదలైంది. వెసెలా వేలు చిన్నది.

అతను చూపు తిప్పుకుని, వైసులోంచి తన రెంచి తీశాడు.

పాత రెంచిని వైసులో బిగించి ఇరవైకి పెట్టారు. వెసెలా బకెట్ తగిలించి ఇంకా చేతులు పూర్తిగా వదలకముందే టక్కుమంది.

"చూశావా?" అంది దోంకా. "తొందరపడుతోంది."

ఇరవై నాలుగుకి పెట్టారు. తొందరగానే టక్కుమంది. ఇరవై ఆరు. టక్కుమంది. ఇరవై ఎనిమిదికి పెట్టారు. బకెట్ పూర్తిగా వేలాడింది. నీళ్లు కదలడం ఆగిపోయాయి. కామెన్ పిడి చివర ఒక్క వేలు ఆనించాడు.

టక్.

కామెన్ వేలు వెనక్కి తీసుకున్నాడు.

ఇరవై ఎనిమిది అంటే ఇరవై. ఈ రెంచి మీద మాత్రమే. స్ప్రింగు ఏటేటా బలహీనపడుతుంటే నాన్న ఏటేటా బకెట్ వేలాడదీసి, తేడా వచ్చినప్పుడల్లా కొత్త అంకె రాసుకున్నాడు. పుస్తకంలో ఉన్నవి బోల్టుల అంకెలు కావు. ఈ ముసలి రెంచితో బతకడానికి ఆయన నేర్చుకున్న అంకెలు. తను వాటిని తీసుకెళ్లి సరైన రెంచి మీద పెట్టాడు. పైగా నూనె రాశాడు.

"అంటే నాన్న రాసింది తప్పు కాదు," అన్నాడు కామెన్.

"నువ్వూ తప్పు చేయలేదు నాయనా," అంది దోంకా. అంతలో ముక్కు ఎగబీల్చింది. "అయ్యో, నా గోధుమలు!" అంటూ చెప్పులు ఈడ్చుకుంటూ పరిగెత్తింది.

వెసెలా బకెట్ తీసి నేల మీద పెట్టింది. కామెన్ టేపు తీసుకున్నాడు. పాత రెంచి మీద బకెట్ ఎక్కడ వేలాడిందో కొలవాలనిపించింది, ఊరికే, మనసుకి నమ్మకం కోసం. బకెట్ వంకీ ఆనిన చోట జిడ్డు తుడిచాడు. కింద ఆకురాయితో కోసిన సన్నటి గీత కనిపించింది. కొలిచాడు. సరిగ్గా నలభై.

తన రెంచికి ఆమె టేపు పెట్టి కొలిచింది. దీనికి కొలవలేదు. జిడ్డు కింద దాగిన గీత దగ్గరికి బకెట్ సూటిగా వెళ్లింది.

"గీత ఇక్కడ ఉందని నీకెలా తెలుసు?"

వెసెలా తడి చేతుల్ని ప్యాంటుకి తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది.

"నిన్నే అడుగుతున్నాను."

"మామయ్య చూపించారు. పోయినేడాది మార్చిలో."

"బకెట్ కూడా?"

"బకెట్ కూడా. నేనే పట్టుకున్నాను."

"అంటే ఈ రెంచి తప్పు చెబుతుందని, పుస్తకంలో అంకెలు దీనికి తప్ప పనికిరావని..."

"తెలుసు."

"అమ్మ ముందు ఇందాక ఏమీ తెలియనట్టు నిలబడ్డావు."

"మీకు చెప్పొద్దని ఆయన నాతో ఒట్టు వేయించుకున్నారు బావగారూ."

"ఎందుకు? నేను ఆయన కొడుకుని కానా?"

"కొడుకు కాబట్టే చెప్పొద్దన్నారు." ఆమె మొదటిసారి అతని కళ్లలోకి చూసింది. "మామయ్య గుండె ఆపరేషన్‌కి సోఫియా నగరం వెళ్లిన చలికాలం గుర్తుందా? మీకు పంతొమ్మిదేళ్లు. షెడ్డు మీరే చూసుకున్నారు."

గుర్తుంది. తన బతుకులో షెడ్డు తనదిగా ఉన్నది ఆ నాలుగు నెలలే.

"ఎవరో లారీ చక్రం తెచ్చారట. దానికోసం మీరు రెంచిని చివరిదాకా తిప్పారట. పని అయ్యాక సున్నాకి తిప్పడం మరిచిపోయారు. ఆయన తిరిగొచ్చేదాకా అది బిగుసుకునే ఉంది. స్ప్రింగు బలహీనపడడం అప్పుడే మొదలైంది."

పని అయ్యాక సున్నాకి తిప్పు. షెడ్డులో నాన్న నేర్పిన మొదటి మాట. ఇప్పుడు కామెన్ తన రెంచిని రోజుకి మూడుసార్లు చూసుకుంటాడు, తిప్పాడో లేదో అని. ఆ ఒక్కసారి తిప్పలేదు.

"ఆయన నన్ను ఒక్క మాట అనలేదు," అన్నాడు నెమ్మదిగా.

"ఏమైనా అంటే వాడు మళ్లీ పానా పట్టడు అన్నారు. కొత్తది కొంటే ఎందుకు కొన్నావని అడుగుతాడు అన్నారు. అందుకే అంకెలు మార్చుకుంటూ వచ్చారు."

పదిహేనేళ్లు. ప్రతి మార్చిలో ఒక బకెట్, తేడా వచ్చినప్పుడల్లా ఒక కొట్టివేత. కామెన్ బెంచి అంచు పట్టుకున్నాడు. నాన్న తనని ఇంతగా ప్రేమించాడా అన్న ఆలోచన ఒకపక్క కదిలిస్తుంటే, ఇంకోపక్క మరో ఆలోచన దాన్ని తోసుకుంటూ వచ్చింది. ఆ సంగతి నాన్న ఈమెకి చెప్పుకున్నాడు. నాన్న ప్రేమ కూడా తనకి ఈమె చేతుల మీదుగానే రావలసి వచ్చింది.

అప్పుడు అతనికి బుధవారం గుర్తొచ్చింది.

"నేను ఆ బోల్టులు బిగిస్తున్నప్పుడు నువ్వు ఆ గుమ్మంలో నిలబడి ఉన్నావు."

వెసెలా గుమ్మం వైపు చూసింది.

"కాఫీ కప్పు పట్టుకుని ఉన్నావు. నా చేతిలో కొత్త రెంచి. పక్కన పుస్తకం తెరిచి ఉంది. ఇరవై ఎనిమిది అని పైకి చదివాను. నువ్వు వినాలనే చదివాను."

"విన్నాను."

"నాన్నకి వేసిన ఒట్టు కోసం ఊరుకున్నావా? నేను పుస్తకం ఇవ్వలేదని ఊరుకున్నావా?"

బయట దోంకా మాడిన గిన్నెని గీకుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఒట్టు తప్పకుండానే చెప్పొచ్చు కదా," అన్నాడు కామెన్. "బండి పుస్తకంలో ఇరవై ఉంది బావగారూ, అంటే చాలదా? ఇవాళ అన్నావు. బుధవారం ఎందుకు అనలేదు?"

"మీ చేతిలోనే పోతుందనుకున్నాను." వెసెలా బెంచి మీద చెయ్యి వేసింది. "బిగిస్తుండగానే మర పోతుందనుకున్నాను. ఇక్కడే, ఈ బెంచి దగ్గరే. అప్పుడు మీరు పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వస్తారనుకున్నాను. అంతే. దేవుడి సాక్షిగా అంతే. అది నిలబడింది. నిలబడేసరికి, నూనె రాశారని నాకు తెలీదుగా, ఏమీ కాదులే అనుకున్నాను. మర్నాడు ఆయన బండెక్కి వెళ్లిపోయారు."

"ఆయన అంటే నీ మొగుడు."

"అనండి. ఇంకా ఏమైనా అనండి."

కామెన్ టేపుని చుట్టి బెంచి మీద పెట్టాడు. ఆమె ఏడుస్తుందేమో అని చూశాడు. ఏడవలేదు. అది కూడా నాన్న దగ్గరే నేర్చుకుని ఉంటుంది.

పందిరి కింద అడుగుల చప్పుడైంది. ల్యూబెన్ కట్టు ఉన్న చేతిని ఛాతీకి ఆనించుకుని గుమ్మంలోకి వచ్చాడు. బకెట్‌ని చూశాడు, వైసులోని రెంచిని చూశాడు, తర్వాత ఇద్దరి మొహాలూ చూశాడు.

"ఏం చేస్తున్నారు? పాలు పితుకుతున్నారా?"

వెసెలా బకెట్‌ని గోడ పక్కకి జరిపింది.

"ఏం తేలింది అన్నయ్యా? ఎవరిది తప్పు?"

వెసెలా ముఖంలో రంగు పోయింది. కామెన్ ఆమెనే చూస్తూ ఉన్నాడు. ఆరు నెలలుగా ఆమె మీద నెగ్గడానికి తన దగ్గర ఏమీ లేదనుకున్నాడు. ఇప్పుడు ఒకటి ఉంది. ఒక్క మాట చాలు.

"ఎవరిదీ కాదు," అన్నాడు. "బోల్టులు పాతబడ్డాయి. వెసెలా ముందే చెప్పిందిగా."

ల్యూబెన్ ఊపిరి వదిలాడు. "దీనికా ఇంత గొడవ! కొత్తవి వేసేయండి. మరి ఆదివారానికి ఎవరు బిగిస్తున్నారు?"

"నేనే. ఇరవైకి. మర పోయిన ముక్క మార్చేసి, నూనె లేకుండా. వెసెలా పక్కన నిలబడి చూస్తుంది." అతను ఆగాడు. "కదా వెసెలా?"

"అలాగే బావగారూ," అంది వెసెలా. అతను అరిచి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకి.

కామెన్ వైసు వదులు చేశాడు. నాన్న రెంచిని చేతిలోకి తీసుకుని, పిడిని ఒక్కొక్క గీతే వెనక్కి తిప్పుతూ సున్నాకి తెచ్చాడు. బొటనవేలు ఆ తెల్లటి మచ్చ మీద సరిగ్గా కూర్చుంది. వెసెలా గుడ్డ చాచింది. అతను గుడ్డ మాత్రమే తీసుకున్నాడు. రెంచిని అందులో చుట్టి, తన అలమార తెరిచి, నోటుపుస్తకం పక్కన పెట్టాడు.

ల్యూబెన్ నుదురు ముడిపడింది.

"అదేంటి, అది నీది కదా వెసెలా? నాన్న నీకిచ్చాడు కదా?"

కామెన్ తిరిగి చూడలేదు. అలమార తలుపు మీద చెయ్యి ఉంచి, ఆమె ఏం చెబుతుందో వినడానికి ఆగాడు.